మంట పెరట్లో, వేడి ఇంట్లో

గోదావరి డెల్టాలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి కట్టెల బాయిలర్ కట్టించాలని ఎవరైనా అంటే రాజమండ్రిలో పగలబడి నవ్వుతారు. వేసవిలో కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుకునే ఊరు ఇది. జనవరి తెల్లవారుజామున కూడా మామూలుగా 18, 20 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. ఇక్కడ ఇల్లు కట్టే మేస్త్రి గాలి ఎటునుంచి వస్తుందో చూస్తాడు. వేడి ఎలా నిలుస్తుందన్నది అతని లెక్కలో లేదు.

అయినా ధనుర్మాసం వచ్చిందంటే కోనసీమలో చాలా పెరళ్ళలో ఒక మూలనుంచి నీలిపొగ లేస్తుంది. తలంటుకు, బాలింత స్నానానికి, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళకు వేణ్ణీళ్ళు కావాలి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక వంట గ్యాసు మీదికి మారింది. నీళ్ళు కాచే పని మాత్రం చాలా ఇళ్ళలో గ్యాసుకు అప్పజెప్పలేదు. సిలిండర్‌లో ఉన్నది 14.2 కిలోలే, దాన్ని నీళ్ళకు తగలేయడానికి ఇల్లాలికి చేతులు రావు. అలా పొయ్యి వంటింట్లోంచి బయటికి వచ్చినా ఇల్లు వదలకుండా పెరట్లోనే ఉండిపోయింది.

మంటను బయట ఉంచి వేడిని మాత్రం లోపలికి తెచ్చుకోవడం చలిదేశాల్లో పెద్ద వ్యవహారం. అమెరికా ఉత్తర రాష్ట్రాల పల్లెల్లో ఇంటికి కాస్త దూరంగా రేకుల గదిలాంటిది ఒకటి కనిపిస్తుంది. దానిలో ఇనుప అగ్నిగుండం, దాని చుట్టూ మరో పొరలో నీళ్ళు. ఆ నీళ్ళు కాగి, భూమిలో పాతిన గొట్టాల గుండా మోటారు తోయగా ఇంట్లోకి వెళ్ళి, నేల కిందో గోడ పక్కనో వేడి వదిలి, చల్లబడి మళ్ళీ గుండం దగ్గరికి వస్తాయి. వెల్డింగ్ వచ్చిన రైతులు కొందరు పాత ఇనుప ట్యాంకులతో దీన్ని సొంతంగా కట్టుకుంటారు. మన దేశంలోనూ ఈ ఉపాయం ఉంది. కాశ్మీర్‌లో హమామ్ అనే గదికి రాతిపలకల నేల వేస్తారు. పలకల కింద కట్టెలు మండుతాయి, ఆ మంట మీదే రాగి తొట్టిలో నీళ్ళూ కాగుతాయి. నేల వెచ్చన, నీళ్ళు వెచ్చన, పొగ బయటికి.

గోదావరి సీమకు వస్తే ఆ ఉపాయం రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి డెల్టాలో, రాగి బాయిలర్ రూపంలో. రెండోది మెట్టలో, పొగాకు బ్యారన్ రూపంలో. రెండో దాని పేరు వినగానే ఇదేం పోలిక అనిపించవచ్చు కాని, నిజానికి అదే అసలైన బంధువు. దాని సంగతికి వెళ్ళేముందు రాగి బాయిలర్‌ను ఒకసారి విప్పి చూడాలి.

అంతకుముందు కాలం పద్ధతి అందరికీ తెలిసిందే. మూడు రాళ్ళో, మట్టిపొయ్యో, దాని మీద గంగాళం లేదా కాగు. ఒకప్పటి పశ్చిమ గోదావరిలో పెరవలి దగ్గరి అజ్జరం ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. గంగాళాలూ బిందెలూ గుడిగంటలూ అక్కడి సుత్తి దెబ్బల కింద రూపు కట్టుకున్నవే. కాగు కింద మంట పెడితే సెగ అడుగును తాకి, పక్కలను ఒరుసుకుంటూ పైకి పోతుంది. అంటే ఎక్కువ వేడి ఆకాశానికి, తక్కువ వేడి నీళ్ళకు. బాయిలర్ ఈ వరసను తిరగేసింది. దానిలో మంట నీళ్ళ కింద కాదు, నీళ్ళ నడుమ ఉంటుంది. నిలువుగా నిలబెట్టిన రాగి పీపా, దాని మధ్యలోంచి అడుగునుంచి పైదాకా ఒక గొట్టం. గొట్టం అడుగున ఇనుప జల్లెడ, దాని కింద బూడిద రాలే చోటు. కొబ్బరి చిప్పలూ పుల్లలూ గొట్టంలో వేసి అంటిస్తే మంట ఆ గొట్టంలోనే పైకి ఎక్కుతుంది. దాని చుట్టూ నాలుగు వైపులా నీళ్ళే కాబట్టి, ఏ వైపు తాకినా వేడి నీళ్ళలోకే పోవాలి. రష్యావాళ్ళ టీ సమోవర్ పనిచేసేదీ ఇలాగే.

దీనిలో మరో తెలివి ఉంది. వాడేవాళ్ళకు చేతి అలవాటుగా తెలిసినా పైకి చెప్పుకోని తెలివి అది. చన్నీళ్ళు పోసే గరాటు గొట్టం పీపా అడుగుదాకా దిగుతుంది. వేణ్ణీళ్ళు వచ్చే కొమ్ము మాత్రం పైన ఉంటుంది. వేడినీళ్ళు తేలిక కాబట్టి పైన పేరుకుంటాయి, చన్నీళ్ళు కింద నిలుస్తాయి. పైనుంచి చెంబుడు చన్నీళ్ళు పోస్తే అవి అడుక్కి దిగి పైనున్న చెంబుడు వేణ్ణీళ్ళను కొమ్ములోంచి బయటికి నెడతాయి. పోసినంతే వస్తాయి. దీనివల్ల పీపా ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఖాళీ రాగి మీద మంట తగిలి అతుకులు ఊడిపోయే ప్రమాదం తప్పుతుంది. కుళాయి అడుగున పెట్టిన రకాల్లో ఈ రక్షణ లేదు. నీళ్ళన్నీ ఒంపేసుకుని మంట ఆర్పడం మరిచిపోయిన ఇళ్ళలో బాయిలర్ కంచరి దగ్గరికి వెళ్ళిందంటే కారణం సాధారణంగా అదే.

ఇక కట్టె లెక్క. ఐదుగురున్న ఇంట్లో తలా ఒక బకెట్టు, మొత్తం 100 లీటర్లు అనుకుందాం. నీళ్ళు 24 డిగ్రీలనుంచి ఒంటికి హాయిగా ఉండే 42 డిగ్రీలకు రావాలి. లీటరు నీళ్ళను ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలోక్యాలరీ. అంటే 18 డిగ్రీలకు 1800. బాగా ఎండిన కట్టె కిలోకు 3500 కిలోక్యాలరీల దాకా ఇస్తుంది. కాబట్టి ఒక్క పొల్లూ పోకుండా వేడంతా నీళ్ళలోకి చేరితే అర కిలో కట్టెతో ఐదుగురి స్నానం అయిపోవాలి! ఏ ఇంట్లోనూ అలా అవదు. మూడు రాళ్ళ పొయ్యి మీద నూటికి 10 నుంచి 15 వంతుల వేడే గిన్నెలోకి వెళ్తుందని పొయ్యిల మీద పనిచేసినవాళ్ళ మామూలు లెక్క. ఆ లెక్కన తక్కువలో తక్కువ మూడున్నర కిలోలు పోతాయి. బాయిలర్లో వేడి సగం చేరినా కిలో చాలు. నెలకు నూరు కిలోల కట్టె ఒకవైపు, ముప్ఫై కిలోలు మరోవైపు. కట్టె కొనుక్కునే ఇంటికి ఇది చిన్న తేడా కాదు.

రాగి బాయిలర్ తొందరగా కాగుతుందనీ, రాగి వేడిని బాగా లాగుతుందనీ అందరూ అంటారు. రాగి ఉక్కు కంటే ఏడెనిమిది రెట్లు వేడిని మోస్తుందన్న మాట నిజమే. కాని బాయిలర్ విషయంలో ఆ గొప్ప దాదాపు అక్కరకు రాదు. వేడిగాలి నుంచి రేకులోకి వేడి రావడమే అసలు ఇరుకు దారి. రేకులోంచి నీళ్ళలోకి పోవడం రాగిలోనైనా ఉక్కులోనైనా చిటికెలో అయ్యేదే. ఆ ఇరుకు దారిని మసి మరింత ఇరుకు చేస్తుంది. కాబట్టి మసి పట్టిన రాగి బాయిలర్ కంటే శుభ్రంగా ఉన్న ఉక్కు బాయిలరే మేలు. రాగి గెలిచేది వేరే చోట్ల. తుప్పు పట్టదు. సుత్తితో ఎలా వంచితే అలా వంగుతుంది. పాతదైపోయినా తూకానికి మంచి ధర పలుకుతుంది. కోడలు అత్తగారి బాయిలర్‌ను చింతపండుతో తోముతూ తిట్టుకుంటుందే తప్ప అమ్మేయదంటే, ఆ చివరి కారణానికి కూడా అందులో వాటా ఉంది.

డెల్టా కాలువల్ని వదిలి పడమరగా మెట్టకెక్కితే నేల ఎర్రబడుతుంది, వరి వెనక్కి తగ్గుతుంది. దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం. ఒకప్పుడు అన్నీ పశ్చిమ గోదావరే, 2022లో జిల్లాలు విడదీశాక కొన్ని తూర్పు గోదావరిలోకి, కొన్ని ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. ఈ తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు పండుతుంది. పొలాల మధ్య కిటికీల్లేని ఎత్తైన ఇటుక గదులు కనిపిస్తాయి. మనిషి ఉండడానికి కట్టిన ఇళ్ళు కావు, ఆకు ఉండడానికి కట్టినవి. రైతులు వాటిని బ్యారన్లంటారు. ఆంధ్రదేశంలో బయట మంటతో లోపల గదిని వెచ్చబెట్టే విద్య ఎవరికైనా క్షుణ్ణంగా తెలుసంటే ఆ బ్యారన్ల దగ్గర రాత్రుళ్ళు మేలుకునే మనుషులకే.

బ్యారన్ గోడకు బయటి వైపున పొయ్యి నోరు ఉంటుంది. కట్టెలు వేసేది బయటినుంచే. సెగా పొగా లోపలికి వెళ్తాయి కాని గదిలోకి విడుదల కావు. నేల మీద పరిచిన పెద్ద రేకు గొట్టాల్లో చుట్టి వచ్చి, చివరికి పొగగొట్టం గుండా కప్పు మీదికి పోతాయి. గొట్టాలు వేడెక్కితే వాటి చుట్టూ గాలి వేడెక్కుతుంది, పైకి లేస్తుంది, వరసలు వరసలుగా కర్రలకు కట్టి వేలాడదీసిన ఆకు మధ్యనుంచి సాగుతుంది. అడుగున గాలి వచ్చే కంతలు, పైన తడిగాలి పోయే కిటికీలు. పొగ ఆకును తాకనే కూడదు. తాకితే వాసన పడుతుంది, వేలంలో ధర పడిపోతుంది. అమెరికా రైతు ఇంట్లో నీళ్ళు మోసే వేడిని ఇక్కడ గాలి మోస్తుంది. తక్కినదంతా ఒకటే.

బ్యారన్‌లో వేడి పెంచడం ఒక వరస ప్రకారం సాగుతుంది. మొదట 90, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆకు పసుపెక్కాలి. గదిలో తేమ ఉండాలి, తొందరపడితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. ఆపైన కిటికీలు కొద్దికొద్దిగా తెరుస్తూ రంగు నిలపాలి, ఆకు రెక్క ఎండాలి. చివర 160 డిగ్రీల దాకా తీసుకెళ్ళి ఈనె విరిగేలా ఎండగట్టాలి. సెంటీగ్రేడులో చెప్పాలంటే అది 71. ఈ మొత్తానికి ఐదారు రోజులు. అన్ని రోజులూ రాత్రీ పగలూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆకు ఒక్కటి జారి ఎర్రగా కాలిన గొట్టం మీద పడితే బ్యారన్‌కు బ్యారన్ అంటుకుంటుంది. గొట్టాల మీద తీగ వల పరచమని చెప్పేది అందుకే.

కట్టె విషయంలో బ్యారన్ లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పచ్చి ఆకు 100 కిలోలు వేస్తే ఎండిన ఆకు 15 కిలోల ప్రాంతంలో చేతికొస్తుంది. అంటే 85 కిలోల నీళ్ళు ఆవిరైపోవాలి. ఆ పనికి కావలసిన వేడి దాదాపు 14 కిలోల ఎండుకట్టెలో ఉంది. కాగితం మీద కిలో ఆకుకు కిలో కట్టె. పొలంలో అయ్యేది కిలో ఆకుకు నాలుగైదు కిలోలు. గాలిని వేడిచేయక తప్పదు కాబట్టి కొంత పోవడం సహజమే. తక్కినదంతా పొగగొట్టం గుండా, గోడల గుండా, అన్నిటికంటే ముఖ్యంగా పలచని కప్పు గుండా పోతుంది. అటక మీద వరిగడ్డి మందంగా పరిస్తే, తలుపు సందులు మూస్తే కట్టె ఆదా అవుతుంది. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు. కట్టె ఖర్చు తగ్గించే బ్యారన్ల మాట అక్కడి పరిశోధనల్లో చాలాకాలంగా నలుగుతున్నదే. పొగాకు మంచిదా చెడ్డదా అన్న వాదన వేరే ప్రసంగానికి సరిపోతుంది. అడవికీ తోటలకూ తగిలే దెబ్బ మాత్రం ఈ నాలుగైదు కిలోల అంకెలోనే ఉంది.

ఇక సొంత బాయిలర్. పనితనం ఉన్న వెల్డరు దొరికితే 200 లీటర్ల డ్రమ్ములో ఆరంగుళాల ఇనుప గొట్టం నిలువుగా దూర్చి, పైనా కిందా అతికి, ఒక గరాటూ ఒక కొమ్మూ పెట్టి సాయంత్రానికల్లా చేతిలో పెడతాడు. పనిచేస్తుంది కూడా. పెరళ్ళలో, హాస్టళ్ళ వెనకాల, కల్యాణమండపాల పక్కన ఇలాంటివి కనిపిస్తాయి. అయితే పనిచేసేదానికీ బాగా పనిచేసేదానికీ మధ్య దూరం ఉంది. పనిచేసేదానికీ ప్రాణం తీసేదానికీ మధ్య దూరం అంతకంటే చాలా తక్కువ.

మొదటి ప్రమాదం డ్రమ్ము కోసేటప్పుడే. అందులో ముందు ఏముండేదో ఎవరూ చెప్పరు. నూనో, థిన్నరో, ఏదో రసాయనమో. ఖాళీ అనుకున్న డ్రమ్ములో మిగిలిన ఆవిరికి గ్యాస్ కట్టర్ నిప్పు తగిలితే డ్రమ్ము బాంబవుతుంది. నిండా నీళ్ళు పోసి కోయడం తెలిసిన వెల్డరు చేసే పని. జింకు పూత ఉన్న రేకును అతికేటప్పుడు లేచే తెల్లపొగ పీల్చితే ఆ రాత్రికి జ్వరం ఖాయం.

రెండోది ఆవిరి. లీటరు నీళ్ళు ఆవిరైతే పదహారు వందల లీటర్లకు పైగా చోటు అడుగుతుంది. దానికి దారి ఇస్తే మెల్లగా బుస్సుమని పోతుంది. దారి మూస్తే గోడను చీల్చుకుని పోతుంది. పెరటి బాయిలర్‌కు ఎప్పుడూ తెరిచే ఉండే కంత ఒకటి ఉండాలి. దానికి కుళాయి బిగించకూడదు, గుడ్డ కుక్కకూడదు, మేడ మీది ట్యాంకునుంచి పైపు కలిపి రెండు వైపులా వాల్వులు పెట్టకూడదు. ఈ చివరి ముచ్చటే ఎక్కువమంది చేస్తున్నది. బాత్‌రూమ్‌లో షవర్‌కు నేరుగా వేణ్ణీళ్ళు రావాలన్న సరదాతో పీపాను అన్ని వైపులా మూసేస్తారు. మన దేశంలో బాయిలర్ల చట్టం 1923 నాటిది. 2025లో దాని చోట కొత్త చట్టం వచ్చింది. మూసిన పాత్రలో ఒత్తిడితో ఆవిరి పుట్టించేదే చట్టం దృష్టిలో బాయిలర్. 100 డిగ్రీల లోపు నీళ్ళు కాచుకునేది ఆ లెక్కలోకి రాదు. కాబట్టి కంత తెరిచి ఉన్నంతకాలం పెరట్లో ఉన్నది వేణ్ణీళ్ళ పీపాయే. కంత మూసిననాడు అది ఇన్‌స్పెక్టరు వచ్చి చూడవలసిన సరుకు. ఇన్‌స్పెక్టరు రాకముందే పేలిపోగల సరుకు కూడా.

షవర్ సరదా తీరే దారి లేకపోలేదు. పీపా కంటే ఎత్తులో ఒక చిన్న తెరుపు ట్యాంకు పెట్టి, పీపా పైభాగంనుంచి ఒక గొట్టం దానికీ, ట్యాంకు అడుగునుంచి ఒక గొట్టం పీపా అడుక్కీ కలిపితే వేడినీళ్ళు వాటంతటవే పైకెక్కి చన్నీళ్ళు దిగుతాయి. మోటారు అక్కర్లేదు. డాబాల మీద ఎండతో నీళ్ళు కాచే పరికరాలు చాలావరకు ఇలాగే తిరుగుతాయి. పైకెక్కే గొట్టంలో ఎక్కడా వాలు కిందికి తిరగకూడదు, తిరిగితే గాలిబుడగ చిక్కుకుని అంతా ఆగిపోతుంది.

మూడోది చాలామంది ప్రమాదం అనుకోనిది, పొగ. కట్టె మండేటప్పుడు మొదట కట్టె కాదు, కట్టెలోంచి వచ్చే వాయువులు మండుతాయి. అవి పూర్తిగా మండాలంటే ఆరేడు వందల డిగ్రీల వేడి కావాలి. అగ్నిగుండం చుట్టూ వెంటనే నీళ్ళుంటే ఇనుప గోడ ఎప్పుడూ నూరు డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. మంట ఆ చల్లని గోడను తాకి సగంలోనే చచ్చిపోతుంది. మండని వాయువే పొగ, మసి, గోడలకు పట్టే నల్లటి తారు. అమెరికాలో బయటి బాయిలర్ల మీద ఇరుగుపొరుగు మొరపెట్టుకున్నది సరిగ్గా దీని గురించే. అక్కడ నీళ్ళు కాగగానే గాలి మూత దానంతటదే పడిపోతుంది, కట్టె గంటల తరబడి కునుకుతూ పొగలు కక్కుతుంది. ఆ దేశపు పర్యావరణ సంస్థ 2015లో ఈ బాయిలర్లనుంచి వచ్చే ధూళికి హద్దులు పెట్టింది, 2020 నుంచి ఇంకా బిగించింది.

మందు ఒక్కటే, ముందు మంటను పూర్తిగా మండనివ్వాలి, ఆ తర్వాతే నీళ్ళకు తాకించాలి. అడుగున ఇటుకతోనో మట్టితోనో గుండం కట్టి, అందులో మంట ఎర్రగా పండి, ఆ సెగ మాత్రమే రాగి గొట్టంలోకి ఎక్కేలా చేస్తే పొగ చాలావరకు మాయమవుతుంది. 1980లలో అమెరికాలో రూపుదిద్దుకున్న రాకెట్ పొయ్యి కిటుకు ఇదే. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి.రాజు పొగలేని పొయ్యి తయారుచేసి, 1953లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకం వేశారు. ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ ఇంజనీరుకు పట్టే విషయాలని అప్పటికి అనుకున్నవాళ్ళు తక్కువ. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం పెట్టింది. పొయ్యిలు లెక్కకు చాలా కట్టారు. పొగగొట్టం మసి ఎవరు దులపాలన్న దగ్గర చాలా ఊళ్ళలో కథ ఆగింది.

ఏ పొయ్యిలోనైనా చివరికి గెలిపించేదీ ఓడించేదీ లోపల వేసే సరుకు. డెల్టాకు దానికి లోటు లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వరి విస్తరించింది, వరితో ఊక వచ్చింది. ధాన్యంలో అయిదో వంతు ఊకే. ఊకలో మళ్ళీ అయిదో వంతు బూడిద, అందులో ఎక్కువ భాగం ఇసుకలోని సిలికాయే. మండపేట వైపు మిల్లుల్లో బొండాల ధాన్యం ఉడకబెట్టి కేరళకు పంపుతారు, ఆ ఉడకబెట్టే ఆవిరి అదే ధాన్యపు ఊకతో పుడుతుంది. ఇంటికి ఊక పనికిరావాలంటే దానికి తగిన పొయ్యి కావాలి. రేకు డబ్బా మధ్యలో కర్ర నిలబెట్టి, చుట్టూ ఊకో రంపంపొట్టో గట్టిగా దట్టించి, కర్ర లాగేస్తే మిగిలిన కంతలో నిప్పు గంటల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. బాయిలర్ గొట్టంలో ఊక గుమ్మరిస్తే మాత్రం గాలి ఆడక మంట ఆరిపోతుంది.

కోనసీమలో కొబ్బరి చిప్పలకు సాటి లేదు. బరువు, ఎండు, బొగ్గులా నిలిచే మంట. అయితే చిప్పకు బయట గిరాకీ పెరిగి పొయ్యి దాకా రావడం తగ్గింది. డొక్కలు తడి పీల్చుకుంటాయి, వానాకాలం డొక్క పెట్టిన పొయ్యి ముందు ఎవరూ కూర్చోలేరు. కమ్మలు భగ్గుమని మండి రెండు నిమిషాల్లో ముగుస్తాయి. నీళ్ళకు అవి పనికిరావు కాని, ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళు బోర్లించిన కుండ కింద మంటను చిటికెలో పెంచి చిటికెలో తగ్గించడానికి అలాంటి ఎండు కమ్మలే కోరుకుంటారు. సరుగుడు దుంగ నిలిచి మండుతుంది, కాని ఆ తోటల మీద కాగితం మిల్లుల చూపు ఉంది.

ఏ కట్టెకైనా తడే శత్రువు. అప్పుడే నరికిన కట్టెలో దాదాపు సగం బరువు నీళ్ళే. ఆ నీళ్ళు ఆవిరి కావడానికి తినే వేడి అంత ఎక్కువ కాదు, కట్టెలోని వేడిలో ఏడో వంతు ఉంటుందేమో. అసలు నష్టం మంట చల్లబడడంలో ఉంది. చల్లబడ్డ మంట పొగవుతుంది, పొగ తారవుతుంది, తారు గొట్టాన్ని కప్పుతుంది, గొట్టం వేడిని లాగడం మానేస్తుంది. చీల్చిన కట్టెను వేసవి ఎండల్లో ఆరబెట్టి తొలకరికి ముందే చూరు కిందికి చేర్చుకున్న ఇంట్లో డిసెంబరు మంట వేరేగా ఉంటుంది. తుపాన్లు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి కాబట్టి అప్పుడు కట్టె కొనబోయేవాళ్ళకు తడి కట్టే దొరుకుతుంది, అదీ తూకానికి.

నీళ్ళది కూడా ఒక మాట. కాలువ నీళ్ళు వాడిన బాయిలర్‌కూ బోరు నీళ్ళు వాడిన బాయిలర్‌కూ లోపల తేడా రెండు మూడేళ్ళలో తెలుస్తుంది. సముద్రానికి దగ్గరగా భూమిలో నీళ్ళు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. కాగినప్పుడల్లా సున్నం గొట్టం చుట్టూ పొరగా పేరుకుంటుంది, ఆ పొర నీళ్ళకూ వేడికీ అడ్డం. ఉక్కు డ్రమ్మైతే ఉప్పునీళ్ళకు అతుకుల దగ్గరే మొదట తుప్పు పడుతుంది. అందుకని అతుకుకు మందమైన రేకు వాడమనీ, గొట్టం ఊడదీసి మార్చుకునేలా పెట్టమనీ పాత వెల్డర్లు చెప్తారు. రాగిదైతే కార్తీకమాసం వెళ్ళేలోపు లోపల నానబెట్టిన చింతపండు రసం పోసి, ఒక రోజు ఉంచి, పొడుగు కర్రకు కట్టిన కొబ్బరి పీచుతో రుద్ది కడుగుతారు. గొట్టం లోపలి మసిని కూడా అదే కర్రతో దులిపి, జల్లెడ బూడిద ఎత్తి అరటిపాదుల్లో పోస్తారు.